మా ఇంట్లో ధర్మవరం నీళ్లు

మా అత్త నా ఇంట్లో ఉంటుంది, నా చేతి వంట తింటుంది, నేను ఉతికిన చీర కట్టుకుంటుంది. నీళ్లు మాత్రం మొన్నమొన్నటి దాకా మా తోడికోడలివి తాగింది. మా ఇంట్లో నీళ్లకు కరువై కాదు. పెనుకొండలో మాకు సొంత నీళ్ల ప్లాంటు ఉంది. ఇంటి ముందుగదిలోనే పంపు, ఫిల్టర్లు, స్టీలు ట్యాంకు అన్నీ ఉన్నాయి. తెల్లారితే వీధి వీధంతా క్యాన్లు పట్టుకుని నా గడప ముందు నిలబడుతుంది. అయినా ధర్మవరం నుంచి మా మరిది వ్యాను ఇటు వచ్చినప్పుడల్లా అందులోంచి ఒక నీలం క్యాను దిగేది. అత్త దాన్ని తన మంచం పక్కన పెట్టించుకుని, మూత మీద గ్లాసు బోర్లించి, ఇంకెవరూ ముట్టుకోకుండా కాపలా కాసేది. పప్పుకు కూడా ఆ నీళ్లే పోయమనేది. నా నీళ్లతో పప్పు ఉడకదట. ఊరికి నీళ్లు పోసే నేను, నా పొయ్యి మీద తోడికోడలి నీళ్లు పెట్టి పప్పు వండాను. అలాంటప్పుడు కుళ్లుకోకుండా ఎవరైనా ఉండగలరేమో నాకు తెలియదు. నేను ఉండలేకపోయాను.

మా ప్లాంటూ ధర్మవరంలో తోడికోడలి ప్లాంటూ కవలపిల్లలు. పొలంలో బోర్లు ఎండిపోయి, వేరుశనగ చేతికి రాకుండా పోయాక, మా మామ సేద్యం మీద ఆశ వదులుకుని కొడుకులిద్దరికీ చెరొక ప్లాంటు పెట్టించాడు. పెద్దకొడుకుకు పెనుకొండలో, చిన్నకొడుకుకు ధర్మవరంలో. సామానంతా హిందూపురంలో ఒకే డీలరు దగ్గర తీసుకున్నారు, ఒకే లారీలో వచ్చింది. పేరుకు కొడుకులవే గానీ, మా ఆయన క్యాన్ల ఆటో తోలుతాడు, మా మరిది పట్టుచీరల మగ్గాలు చూసుకుంటాడు. ప్లాంట్లు నడిపేది కోడళ్లం. మా తోడికోడలు హిందూపురం పిల్ల. బీఎస్సీ చదివి, పెళ్లికి ముందు అక్కడ ఒక ఫ్యాక్టరీలో నీళ్లు శుద్ధి చేసే చోట కొన్నాళ్లు పని కూడా చేసింది. నాది కనగానపల్లి దగ్గర మెట్టపల్లె. నా చదువు పదో తరగతితో సరి.

ప్లాంటు రాకముందు నేను ఫలానావాళ్ల పెద్దకోడల్ని, అంతే. ప్లాంటు వచ్చాక నీళ్లక్కనయ్యాను. బస్టాండులో, మార్కెట్లో, ఆస్పత్రి వరండాలో కూడా ఎవరో ఒకరు "నీళ్లక్కా, ఈ పూట మా ఇంటికి క్యాను రాలేదే" అని పలకరిస్తారు. ఆ పిలుపు వింటే నాకు కాళ్లు నేల మీద నిలవవు. నాకంటూ ఊళ్లో ఉన్న పేరు అదొక్కటే.

ఇలాంటి ప్లాంటుకు ప్రాణమంతా మెంబ్రేన్లలో ఉంటుంది. చూడ్డానికి తెల్లటి పొడుగు గొట్టాలు. లోపల పల్చటి పొరను చాప చుట్టినట్టు చుట్టి పెట్టి ఉంటారు. పంపు బోరు నీళ్లను ఒత్తిడితో ఆ పొర మీదికి తోస్తుంది. మంచినీళ్లు పొరను దాటి ఒక పైపులో వస్తాయి. ఉప్పు, సున్నం, ఫ్లోరైడు దాటలేక, మిగిలిన నీళ్లతో కలిసి ఇంకో పైపులో బయటికి పోతాయి. ఆ రెండోదాన్ని రిజెక్టు పైపు అంటారు. దానికి ఒక వాల్వు ఉంటుంది. దాన్ని బిగిస్తే బయటికి పోయే నీళ్లు తగ్గి, మంచినీళ్లు ఎక్కువ వస్తాయి.

మొదటిరోజు ఫిట్టరు ఆ వాల్వును సగం తెరిచి పెట్టి వెళ్లాడు. రిజెక్టు నీళ్లు వీధికాలువలోకి ధారగా పోతుంటే మా అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. నీళ్ల విషయంలో ఆమె పుట్టిన ఊరూ నా ఊరూ ఒకలాంటివే. స్నానం చేసిన నీళ్లు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, కూరగాయలు కడిగిన నీళ్లు వాకిట్లోకి. చిన్నప్పుడు నిండు చెంబు తన్నేశానని మా అవ్వ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. అలా పెరిగిన మా ఇద్దరి కళ్లముందే అన్ని నీళ్లు కాలువ పాలవుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? ఫిట్టరు వీధి మలుపు తిరగ్గానే నేను వాల్వు పట్టుకుని బిగించాను. ధార సన్నబడి సన్నబడి దారమంత అయింది. అత్త నా భుజం తట్టింది.

"ఇట్లుండల్ల కోడలంటే. నీళ్ల విలువ తెలిసినది."

పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఆ వాల్వు మీద నేను ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఏడాది తిరక్కముందే నా మెంబ్రేన్లు మొండికేశాయి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటినా ట్యాంకు నిండేది కాదు. పంపు మాత్రం గస పెట్టేది. వచ్చిన మెకానిక్కు విప్పి చూసి, గార పట్టిందన్నాడు. పళ్లకు పట్టినట్టే పొర మీద తెల్లగా, గరుగ్గా పేరుకుపోయింది. కొత్తవి వేయించాం. అవీ అదే దారి పట్టాయి. ధర్మవరంలో మాత్రం మొదటిరోజు బిగించినవే ఇంకా నడుస్తున్నాయి.

నాకు అసలు మండింది ఎక్కడంటే, మా తోడికోడలికి శుభ్రమన్నదే తెలియదు. ప్లాంటు గదిలోకి చెప్పులతో పోతుంది. ఫిల్టర్ల స్టాండు మీద పిల్లల తువ్వాళ్లు ఆరేస్తుంది. కిటికీలో సగం తిన్న బిస్కెట్లు ఉంటాయి. నేను నా గదిని రోజూ తడిగుడ్డతో తుడుస్తాను. పంపుకు శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెడతాను. మట్టిని ఆపే ఫిల్టరు రంగు మారీ మారకముందే కొత్తది వేస్తాను. జ్వరమొచ్చినా ఇసుక ఫిల్టరు కడగడం మానను. గార పట్టకుండా చుక్కచుక్కగా పడే మందు డబ్బా ఎప్పుడూ ఖాళీ కానివ్వను. ఇన్ని చేసే నాకు గార, చెప్పులతో తిరిగే ఆమెకు పేరు. మామ ఎవరింటికి పోయినా "మా చిన్నది చదువుకున్నెది గదా" అని మొదలుపెట్టేవాడు. ఆ "గదా" వినబడితే చాలు, నేను పళ్లు నూరుకుంటూ వంటింట్లోకి పోయేదాన్ని.

ఆలోచించి ఆలోచించి నాకు ఒకటే తోచింది. మోసం జరిగింది. డీలరుదీ ఆమెదీ ఒకే ఊరు. మంచి సరుకు ఊరి ఆడబిడ్డకు ఇచ్చి, నాసిరకం నాకు అంటగట్టి ఉంటాడు. ఒకరోజు బస్సెక్కి హిందూపురం పోయి, అంగడిలో నలుగురి ముందే అతన్ని కడిగేశాను. అతను కన్నడం, తెలుగు కలగలిపి, రెండు ప్లాంట్లకూ ఒకే సరుకు ఇచ్చానని దేవుడి మీద ఒట్టేశాడు. తర్వాత రిజెక్టు ఎంత వదులుతున్నారని ఏదో అడగబోయాడు. నేను తగువుకు పోయిన మనిషిని, పాఠం చెప్పించుకోవడానికి పోలేదు. మధ్యలోనే లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక మనసు చల్లబడింది. ఇంటికొచ్చి చూస్తే అత్త మంచం పక్కన కొత్త నీలం క్యాను దిగి ఉంది. ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది.

రెండోసారి వేసినవి కూడా బిగుసుకుపోయాక, ఒకరోజు అన్నం ముందు కూర్చుని మామ నెమ్మదిగా చెప్పాడు.

"మల్లా కొత్తవి కొనేది లేదమ్మా. ఇంగ ఈ మిషను ధర్మవరానికి పంపిచ్చేద్దాం. చిన్నది రెండూ చూసుకుంటాది."

కోపంతో అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆయన నా మీద జాలితో అన్నాడు. నా పంపు, నా ట్యాంకు, నేను పసుపు కుంకుమ పెట్టిన మిషను పోయి ఆమె చెప్పుల మధ్య నిలబడతాయి. నేను మళ్లీ ఫలానావాళ్ల పెద్దకోడల్ని అవుతాను. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి మామకు ఒక మాట చెప్పాను. పంపించే ముందు ఒకసారి మెంబ్రేన్లు మార్చి చూడండి, ఆమెవి నాకు తెప్పించండి, నావి ఆమెకు పంపండి, లోపం సరుకులో ఉందో నాలో ఉందో తేలిపోతుంది అన్నాను. ఆమె ఒప్పుకోదని నా నమ్మకం. ఒప్పుకోకపోతే దొంగతనం బయటపడ్డట్టే. మామ నా ముందే ఫోను చేశాడు. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "అట్లనే మామా, పంపిచ్చు" అంది. కనీసం ఎందుకని కూడా అడగలేదు. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు ఇంకా కడుపు మండింది.

నావి పాత చీరలో చుట్టి వ్యానులో పడేయించాను. పడేసే ముందు వాటి చివర్లకు ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను, రేపు అవీ ఇవీ కలిపేసి నన్ను మాయ చేస్తారేమోనని. ఆమెవి తడి తువ్వాళ్లలో చుట్టి, పైన ప్లాస్టిక్కు కవర్లు కట్టి, చంటిబిడ్డల్లా వచ్చాయి. పొర ఎండిపోతే పాడైపోతుందట. ఆ తువ్వాళ్లు ఉతికి వెనక్కి పంపమని అత్త నాకే చెప్పింది.

ఆమె మెంబ్రేన్లు బిగించిన రోజు నా ట్యాంకు చకచకా నిండింది. క్యాను పట్టుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, చూశారా, సరుకులోనే లోపం, నా చేతిలో లేదు అని చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను. ఇక ధర్మవరం నుంచి ఏడుపు ఎప్పుడు వినబడుతుందా అని చెవులు అటే వేసి కూర్చున్నాను. వినబడలేదు. గార పట్టిన నా మెంబ్రేన్లను ఆమె నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో మెల్లగా తిప్పి తిప్పి కడిగిందని, అవి బాగా నడుస్తున్నాయని మా మరిది చెప్పాడు. నీలం క్యాను ఎప్పటిలాగే దిగింది. అత్త ఎప్పటిలాగే గ్లాసు బోర్లించింది.

అంటే అత్త ఇప్పుడు తాగుతున్నది, నేను చీరలో చుట్టి పడేసిన మెంబ్రేన్లలోంచి వచ్చిన నీళ్లు. ఆ సంగతి ఉండబట్టలేక ఆమెతో అనేశాను. అవి నావే అత్తా, ఎర్రచుక్కలు కూడా ఉన్నాయి అన్నాను. అత్త గ్లాసెత్తి ఇంకో గుక్క తాగింది.

"ఎవరివైతే ఏమే. ఆడ పెడితే తియ్యగా వస్తాండాయి."

దానికన్నా ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఎండలు ముదిరేసరికి నా ట్యాంకు మళ్లీ మొరాయించింది. ఈసారి ఉన్నవి ఆమె మెంబ్రేన్లు, ఉన్నది నా గదిలో. ఇక తిట్టుకోవడానికి నాకు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో చెప్పలేదు. పంపు ఒత్తిడి పెంచాను. మీటరు ముల్లు రోజురోజుకీ మీదికి పాకుతుంటే, మామ కంట పడకుండా దాని ముందు క్యాలెండరు తగిలించాను. మామ వచ్చినప్పుడల్లా ఆ క్యాలెండరు వైపు చూడకుండా ఉండటం నాకు పెద్ద పనైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తోడికోడలి కూతురికి చెవులు కుట్టే వేడుక వచ్చింది. అందరం ధర్మవరం పోయాం. పందిట్లో చుట్టాలు అన్నాలకు కూర్చుంటుంటే, నేను చెయ్యి కడుక్కునే మిషతో ప్లాంటు గది వెనక్కి పోయాను. ఆమె కిటుకు ఏదో అక్కడే ఉంటుందని నా అనుమానం. అక్కడ చూసింది నమ్మలేకపోయాను. రిజెక్టు పైపులోంచి నీళ్లు ముంజేతి లావున పడుతున్నాయి. కింద పెద్ద సిమెంటు తొట్టి. పక్కింటివాళ్లు బట్టలకు, అంట్లకు ముంచుకుపోతున్నారు. ముంచుకోగా మిగిలినవి పొర్లి కాలువలోకి పోతున్నాయి. ముందు నా గుండె గుభేలుమంది. ఆ వెంటనే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, పండగలా అనిపించింది. ఇన్నాళ్లకు దొరికింది.

నేరుగా పందిట్లోకి వచ్చి మామ విస్తరి ముందు నిలబడ్డాను. అత్త పక్కనే ఉంది.

"మామా, ఎనక్కి పోయి చూడు. చదువుకున్న నీ కోడలు ఎన్ని నీళ్లు కాలవలో పారబోస్తాందో."

తింటున్నవాళ్లు చేతులు ఆపారు. అత్త ముఖం నల్లబడింది. నా జన్మలో అంత తృప్తి ఎప్పుడూ ఎరగను. తోడికోడలు చారు గిన్నెతో వరసలో నిలబడి ఉంది. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వెంత వదులుతాండావక్కా?"

"నేనా? దారమంత పోతాది. దానిక్కూడా మనసొప్పదు నాకు" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ చూపులో వెక్కిరింత ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఆమెకు అంతా అర్థమైపోయిందని మాత్రం తెలిసింది. గిన్నె ఇంకొకరి చేతికిచ్చి, ఒకసారి రమ్మని నన్ను ప్లాంటు గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

"ఉప్పు, సున్నం అంతా మోసుకొని బయటికి పోయేది ఆ నీళ్లేనక్కా. వాటిని పోనీకుండా పట్టుకుంటే ఆ ఉప్పంతా యాడికి పోతాది? పొర మీదనే కూచుంటాది."

నేను ఆ మిషను వైపే చూస్తూ విన్నాను. మరీ అంత బిగిస్తే ఎంత మందు వేసినా గార ఆగదని చెప్పింది. తను రోజూ పంపు ఆపే ముందు వాల్వు పూర్తిగా తెరిచి కాసేపు నీళ్లు వదులుతుందట, ఉప్పునీళ్లు లోపల నిలవుండకుండా. నీళ్లు రావడం కాస్త తగ్గగానే నిమ్మఉప్పుతో కడిగేస్తుందట, గార గట్టిపడేదాకా ఆగదట. ఆ గొట్టాల్లో నడుస్తున్నవి నా ఎర్రచుక్కలవే. అవి పనిచేస్తున్న చప్పుడు ఎంత నిమ్మళంగా ఉందో నాకు వినబడుతోంది. నా గదిలో అవి ఏ రోజూ అంత నిమ్మళంగా నడవలేదు.

మామతో చెబుతావా అని అడిగాను. ఏమని చెప్పాలక్కా అంది. బయటికి పోయి, మామ అడక్కముందే, ఆ నీళ్లు అలా పోవాల్సినవేనని, మెంబ్రేను కంపెనీవాళ్లు చెప్పిన పద్ధతేనని సర్దేసి పాయసం వడ్డించింది. నా వాల్వు సంగతి ఎత్తనే లేదు. ఆమె నలుగురిలో నా పరువు తీసి ఉంటే, జీవితాంతం ఆమెను తిట్టుకుంటూ సుఖంగా బతికేదాన్ని. నాకు ఆ దారి కూడా లేకుండా చేసింది. ఆ పాయసం ఎంత బాగుందో, నాకు అంత చేదుగా దిగింది.

మర్నాడు పొద్దున పెనుకొండలో వాల్వు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. నా భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఇది తిప్పితే ఆ మెప్పు పోతుంది. నాకున్నది ఆ ఒక్కటే. తిప్పకపోతే ప్లాంటు పోతుంది. తిప్పాను. నీళ్లు భళ్లున కాలువలో పడ్డాయి. ఆ చప్పుడుకు అత్త లోపలినుంచి వచ్చింది.

"ఏమ్మే, ఎందుకట్ల పారబోస్తాండావు?"

నేను పొర గురించి, గార గురించి, ఉప్పు ఎక్కడికి పోవాలో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది. చిన్నది కూడా ఇలాగే వదులుతుందా అని అడిగింది. వదులుతుందన్నాను.

"అయితే వదులు" అని లోపలికి పోయింది.

ఆమె మెప్పు కోసం ఇన్నాళ్లు ఆ వాల్వు బిగబట్టుకుని రెండు జతల మెంబ్రేన్లు పోగొట్టుకున్నదాన్ని నేను. చిన్నదాని పేరు చెబితే ఆమెకు క్షణంలో సమ్మతమైంది. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది గానీ, వాకిట్లో క్యాన్లవాళ్లు ఉన్నారు.

నిమ్మఉప్పు తెచ్చి కడిగాను. మొదట వచ్చిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉన్నాయి. నేను పట్టి ఉంచిందంతా అలా పోతుంటే చూస్తూ నిలబడ్డాను. మీటరు ముల్లు మెల్లమెల్లగా కిందికి దిగింది. క్యాలెండరును మళ్లీ వంటింట్లో తగిలించాను. మామ వచ్చి మీటరు చూశాడు, నిండిన ట్యాంకు చూశాడు, ధర్మవరం మాట ఎత్తకుండా ఆటో టైర్ల గురించి మాట్లాడాడు. మిషను పంపించే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. రిజెక్టు నీళ్లకు నేనూ ఒక తొట్టి కట్టించాను. తాగొద్దని దాని మీద పెద్దక్షరాలతో రాయించాను. ఆటోలవాళ్లు బండ్లు కడుక్కుంటారు, ఇంటిపక్కవాళ్లు బట్టలకు తీసుకుపోతారు. అయినా తొట్టి పొర్లే చప్పుడు వినబడితే నా చెయ్యి ఇప్పటికీ వాల్వు వైపు పోతుంది. బలవంతాన ఆపుకుంటాను.

మొన్న ఒకరోజు నీలం క్యాను అయిపోయింది. మరిది వ్యాను రాలేదు. ఎండ మండిపోతోంది. అత్త కాసేపు ఓర్చుకుని, ఇక లాభం లేదనుకుని, ప్లాంటు గదిలోకి వచ్చి నా కుళాయి కింద గ్లాసు పట్టింది. నేను ఒక క్యాను మూత బిగిస్తున్నట్టు నటిస్తూ కళ్లన్నీ అటే పెట్టాను. మొదటి గుక్క నోట్లో కాస్త నిలిపి మింగింది. గ్లాసు ఖాళీ చేసింది. మళ్లీ పట్టుకుని అదీ తాగింది.

"ఇంగ ఆ క్యాను తెప్పిచ్చొద్దులే మే" అంది.

ఇన్నేళ్లు నేను కాచుకున్నది ఆ మాట కోసమే. అత్త కొంగుతో మూతి తుడుచుకుని, గ్లాసు కుళాయి మీద బోర్లించి, గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"అచ్చం ధర్మవరం నీళ్ల మాదిరే ఉండాయి."

నేను తర్వాతి క్యాను తీసి కుళాయి కింద పెట్టాను.